కొండ దారిలో చేతి గడియారం: నమ్మవలసిన అంకె ఏది?

కేదార్‌నాథ్, అమర్‌నాథ్ యాత్రలకూ, లేహ్, లదాఖ్ విహారాలకూ బయలుదేరే మనవారిలో చాలామంది ఇప్పుడు మందుల సంచీతో పాటు మరొక వస్తువును గురించి కూడా వైద్యుణ్ణి అడుగుతున్నారు. "డాక్టరుగారూ, ఏ వాచీ కొనుక్కుంటే మంచిది?" అని. ప్రశ్న సమంజసమైనదే. అరవై ఏళ్ళు దాటిన తల్లిదండ్రులు యాత్రకు వెళుతూంటే, దూరాన ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు ధైర్యం కోసం ఒక ఖరీదైన డిజిటల్ వాచీ కొని ముంజేతికి కడుతున్నారు. గుండె వేగం, రక్తంలో ఆక్సిజన్, నిద్ర, ఒత్తిడి, అడుగుల లెక్క, ఇన్నీ చూపిస్తుందనే ఆ వాచీ అమ్ముడవుతున్నది.

నా అభిప్రాయం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఎత్తయిన కొండలకు వెళ్ళేవారి ఆరోగ్యానికి వాచీలో అన్నిటికన్నా ఉపయోగపడే అంకె ఆక్సిజన్ శాతం కాదు, గుండె వేగమూ కాదు. సముద్ర మట్టం నుంచి మీరెంత ఎత్తులో ఉన్నారో చెప్పే అంకె. ఆ తరువాతది గాలి ఒత్తిడి. ఆరోగ్యం పేరిట అమ్మే అంకెలది ఆ రెంటి తరువాతి స్థానం. ఎందుకో వివరిస్తాను.

ఎత్తుకూ ఆరోగ్యానికీ సంబంధం

కొండ మీద గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు. సముద్ర తీరంలోనూ, ఎవరెస్టు మీదా అది సుమారు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్ర మట్టం వద్ద సగటున 1013 హెక్టోపాస్కల్స్ ఉండే ఒత్తిడి, లేహ్ పట్టణం ఉన్న 3,500 మీటర్ల ఎత్తులో మూడింట రెండు వంతులకు, 5,500 మీటర్ల వద్ద సగానికి పడిపోతుంది. ఒత్తిడి తగ్గినకొద్దీ ఒక్కొక్క శ్వాసలో మనకందే ఆక్సిజన్ పరిమాణం తగ్గుతుంది.

శరీరం దీనికి అలవాటు పడగలదు. ఊపిరి వేగం పెంచుతుంది, మూత్రపిండాల ద్వారా రక్తంలోని ఆమ్ల, క్షార సమతుల్యాన్ని సర్దుకుంటుంది. అయితే దానికి రోజులు కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా పైకి పోతే తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం వంటి లక్షణాలతో పర్వత అస్వస్థత మొదలవుతుంది. లక్ష్యపెట్టకుండా ఇంకా ఎక్కితే కొందరికి ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, కొందరికి మెదడు వాస్తుంది. ఈ రెండూ ప్రాణాంతకాలే. వయసులో ఉన్నవాడు, కండబలం గలవాడు, రోజూ వ్యాయామం చేసేవాడు అన్న తేడా వీటికి లేదు. నిజానికి బలవంతుడే వేగంగా ఎక్కి ఎక్కువ ప్రమాదంలో పడతాడు.

అందువల్లనే పర్వత వైద్యంలో ఒక సూత్రం స్థిరపడింది. 3,000 మీటర్లు దాటిన తరువాత, ఒక రాత్రి పడుకున్న చోటికీ మరుసటి రాత్రి పడుకునే చోటికీ మధ్య ఎత్తులో తేడా 500 మీటర్లకు మించకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి పైకి పోకుండా ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలి. పగటిపూట ఇంకా పైకి ఎక్కవచ్చు, కాని పడుకోవడానికి కిందికి రావడం మంచిది. ఇక్కడ ముఖ్యమైన మాట "పడుకునే ఎత్తు". దాన్ని లెక్క పెట్టుకోవడానికి పనికివచ్చే సాధనం మీ చేతి మీదే ఉండగలదు.

కేదార్‌నాథ్‌నే తీసుకోండి. నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటే, ఆలయం దాదాపు 3,580 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఒక్క పగటి నడకలో 1,500 మీటర్లకు పైగా ఎక్కి, చాలామంది రాత్రి అక్కడే పడుకుంటున్నారు. హెలికాప్టరులో వెళ్ళేవారికి ఆ తేడా కొన్ని నిమిషాలలోనే ఎదురవుతుంది. సాయంత్రం వచ్చిన తలనొప్పిని "ఎండకు నడిచాం కదా", "సరిగా తినలేదు కదా" అని సరిపెట్టుకోవడం మనవారికి అలవాటు. ఆ సమయంలో వాచీ చూపే 3,580 అన్న అంకె ఆ తలనొప్పికి అసలు కారణాన్ని గుర్తుచేస్తుంది.

నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు శిఖరం చేరింది. ఆమె ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. దాని వెనుక నెలల తరబడి సాగిన శిక్షణనూ, కొండ మీద వారాల పాటు మెల్లమెల్లగా ఎత్తుకు అలవాటు పడిన ఓర్పునూ కూడా గుర్తుంచుకోవాలి.

వాచీ ఎత్తును ఎలా చెబుతుంది?

రెండు మార్గాలున్నాయి. మొదటిది గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్ సెన్సర్. సముద్ర తీరం దగ్గర సుమారు ఎనిమిది మీటర్లు పైకి పోతే ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. 3,500 మీటర్ల ఎత్తున అదే తగ్గుదలకు పదకొండు పన్నెండు మీటర్లు ఎక్కాలి. ఈ లెక్కను తిరగేసి వాచీ ఎత్తును చూపుతుంది. రెండవది జీపీఎస్. ఉపగ్రహాల సంకేతాలతో మన స్థానాన్ని బాగానే చెబుతుంది గాని, ఎత్తు విషయంలో దాని పొరపాటు ఎక్కువ. లోయలలో, నిలువు కొండ చరియల పక్కన ఆ పొరపాటు మరింత పెరుగుతుంది. పైగా జీపీఎస్ బ్యాటరీని త్వరగా తినేస్తుంది.

కనుక దుకాణంలో మీరు వేయవలసిన మొదటి ప్రశ్న ఇది: "బారోమీటర్ సెన్సర్ ఈ వాచీలోనే ఉందా, లేక ఎత్తు వివరం ఫోను నుంచి తెచ్చుకుంటుందా?" చవక వాచీలు కొన్ని రెండవ రకానివి. ఫోను బ్యాటరీ అయిపోయిన క్షణాన అవి ఎత్తు చెప్పలేవు. పరీక్ష కూడా సులువే. పది అంతస్తుల భవనంలో లిఫ్టు ఎక్కి దిగి చూడండి. మంచి బారోమీటర్ ఉన్న వాచీ ముప్పై మీటర్ల తేడాను ఇంచుమించు సరిగానే పట్టుకుంటుంది.

బారోమీటర్‌కు ఒక బలహీనత ఉంది. వాతావరణం మారినా గాలి ఒత్తిడి మారుతుంది. అప్పుడు మీరు కదలకపోయినా వాచీలో ఎత్తు మారిపోతుంది. అందువల్ల ఎత్తు తెలిసిన చోటల్లా వాచీని సరిదిద్దుకుంటూ ఉండాలి. మన రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. ఇంటి దగ్గర అభ్యాసానికి అంతకన్నా మంచి గుర్తు లేదు. అయితే కనిపించిన ప్రతి బోర్డునూ నమ్మవద్దు. లదాఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ వద్ద బోర్డు ఏళ్ళ తరబడి 18,380 అడుగులని చెబుతూ వచ్చింది. ఆధునిక కొలతలలో అది సుమారు 5,359 మీటర్లని, అంటే 17,600 అడుగుల లోపేనని తేలింది. అన్నట్టు, వాచీని మీటర్లలోనో అడుగులలోనో ఏదో ఒకదానిలో పెట్టి యాత్ర ముగిసేదాకా మార్చకండి. 500 మీటర్లంటే సుమారు 1,640 అడుగులు. అలసిన బుర్ర ఈ రెండింటినీ కలగాపులగం చేస్తుంది.

గాలివాన హెచ్చరిక

ఈ బలహీనతే మరొక విధంగా ఉపకరిస్తుంది. రాత్రి గుడారంలో పడుకునే ముందు ఎత్తు చూసుకోండి. తెల్లవారి లేచేసరికి, కదలని మిమ్మల్ని వాచీ నలభై యాభై మీటర్లు పైకి ఎక్కించిందంటే గాలి ఒత్తిడి బాగా పడిపోయిందన్నమాట. వాతావరణం చెడిపోయే సూచన అది. మూడు గంటల వ్యవధిలో నాలుగు హెక్టోపాస్కల్స్ పడిపోతే బీప్ శబ్దంతో హెచ్చరించే సదుపాయం కూడా కొన్ని వాచీలలో ఉంటుంది.

నెల్లూరు జిల్లాకు చెందిన పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 2006లో 172 రోజులలో అధిరోహించినవాడు. అంతటి అనుభవజ్ఞుణ్ణి 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలు పొట్టన పెట్టుకున్నాయి. ఆయన తప్పిపోయిన సమయంలో అక్కడి వాతావరణం తీవ్రంగా ఉంది. కొండ మీద వాతావరణాన్ని తేలికగా తీసుకునే అర్హత మనలో ఎవరికీ లేదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

అయితే వాచీ మౌనంగా ఉన్నంత మాత్రాన ఆపద లేదని కాదు. హిమాలయాలలో మధ్యాహ్నం వేళ ఒక్కసారిగా పుట్టే ఉరుముల వాన, ఎగువన కురిసిన కుంభవృష్టి వల్ల దిగువకు వచ్చే వరద, వీటిని వాచీ పసిగట్టలేదు. 2022 జులై 8న అమర్‌నాథ్ గుహ సమీపాన విరుచుకుపడిన వరద అటువంటిదే. వాతావరణ శాఖ సూచనలకూ, యాత్రా నిర్వాహకుల ఆదేశాలకూ వాచీ ప్రత్యామ్నాయం కాదు.

ఆక్సిజన్ అంకెతో వచ్చే చిక్కు

కరోనా కాలంలో పల్స్ ఆక్సీమీటర్ ఇంటింటి వస్తువైపోయింది. 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తాలన్న మాట మనసులలో నాటుకుంది. ఆ కొలబద్ద కొండ మీద పనికిరాదు. కొత్తగా 3,500 మీటర్ల ఎత్తుకు చేరిన ఆరోగ్యవంతుడికి కూడా 85 నుంచి 90 వరకు ఉండడం మామూలే.

పైగా వేలి ఆక్సీమీటర్ కాంతిని వేలి గుండా ప్రసరింపజేసి కొలిస్తే, వాచీ మణికట్టు మీద పడి వెనుదిరిగిన కాంతితో కొలుస్తుంది. ఆ సంకేతం బలహీనమైనది. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకున్నా, చెయ్యి కదిలినా, పట్టీ వదులైనా అంకె తప్పుతుంది. వేలికి పెట్టే పరికరాలు సైతం నల్లని చర్మం గలవారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపే అవకాశం ఉందని 2020లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. చామనఛాయ, నలుపు ఎక్కువగా ఉన్న మనం ఈ సంగతి గమనించాలి.

ఈ అంకె వల్ల రెండు రకాల నష్టాలు ఉన్నాయి. బాగున్న మనిషి 84 చూసి బెంబేలెత్తడం మొదటిది. బాగులేని మనిషి 92 చూసి, "నాకేం ఫరవాలేదు" అని ఇంకా పైకి ఎక్కడం రెండవది. మొదటిదానితో ఒక రాత్రి నిద్ర పోతుంది. రెండవదానితో ప్రాణమే పోవచ్చు.

కాబట్టి అంకె కన్నా లక్షణాలకు విలువనివ్వండి. తలనొప్పితో పాటు వికారమో, విపరీతమైన నీరసమో, తల తిరగడమో ఉంటే అక్కడే ఆగాలి. తగ్గేదాకా పైకి పోకూడదు. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా, దగ్గు ఎడతెగకున్నా, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమంటే తూలుతున్నా, మాట తడబడుతున్నా, వాచీలో ఎంత కనిపిస్తున్నా సరే, తెల్లవారే దాకా ఆగకుండా కిందికి దింపాలి. మనిషిని ఒంటరిగా పంపకూడదు. ఆక్సిజన్ సిలిండరూ మందులూ అందుబాటులో ఉంటే వాడండి, కాని వాటి కోసం దిగడం ఆపవద్దు.

ఆక్సిజన్ కొలవాలనే కోరిక గట్టిగా ఉంటే వేలికి పెట్టే చిన్న ఆక్సీమీటరును వెంట తీసుకువెళ్ళండి. చెయ్యి వెచ్చబరచుకుని, కదలకుండా కూర్చుని, అంకె నిలకడపడిన తరువాత చూడండి. ఒక్కసారి వచ్చిన అంకెకు కాక, రోజు రోజుకూ అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదానికి అర్థం ఉంటుంది.

గుండె వేగం, ఈసీజీ, చక్కెర

వాచీ వెనుక మెరిసే పచ్చని కాంతి చర్మం కింది రక్త ప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి గుండె వేగాన్ని లెక్కిస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈ లెక్క చాలావరకు సరిగ్గానే ఉంటుంది. చేతికర్ర పట్టుకుని ఎగుడుదిగుడు దారిలో నడుస్తున్నప్పుడు అంత నమ్మదగినది కాదు. 220 నుంచి వయసు తీసివేసి "మీ గరిష్ఠ వేగం ఇంత" అని చెప్పే సూత్రం కూడా సగటు లెక్కే. ఒక్కొక్కరిలో పది పన్నెండు అటూ ఇటూ ఉండడం సాధారణం. రక్తపోటుకో, గుండె జబ్బుకో అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వాడేవారికి ఆ సూత్రం అసలు వర్తించదు. ఆ మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి గనుక, శరీరం అలసిపోయినా వాచీ "ఇంకా తేలికే" అంటుంది.

ఇంతకన్నా మంచి కొలత నోటి మాట. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయింది. మాట మాటకూ ఊపిరి తీసుకోవలసివస్తే వేగం తగ్గించాలి. అలిపిరి మెట్ల దారిలో తిరుమల ఎక్కేటప్పుడు ఈ పరీక్ష చేసుకుని చూడండి. హిమాలయాలకు వెళ్ళే ముందు ఆ మెట్ల దారి మంచి అభ్యాసం కూడా.

కొన్ని వాచీలు ఈసీజీ తీస్తాయి. గుండె లయ తప్పడాన్ని గుర్తించడంలో వాటికి కొంత ప్రయోజనం ఉంది. గుండెపోటు లేదని మాత్రం ఆ ఒక్క గీత చెప్పజాలదు. నడుస్తూండగా ఛాతీ బరువెక్కినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, చెమటలు పట్టినా వాచీ చూస్తూ కూర్చోకండి. నడక ఆపి వైద్య శిబిరానికి కబురు పంపండి.

మధుమేహం ఉన్నవారికి ఇంకొక మాట. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర చెబుతామనే వాచీలూ, ఉంగరాలూ ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. అటువంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదనీ, వాటిని వాడవద్దనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు మారిస్తే ప్రమాదం. మామూలు గ్లూకోమీటరునే తీసుకువెళ్ళి, చలి తగలకుండా లోపలి జేబులో ఉంచుకోండి. చలికీ ఎత్తుకూ దాని లెక్క కూడా కొంత తప్పవచ్చు గనుక, చక్కెర పడిపోయిన లక్షణాలు కనిపిస్తే ముందు ఏదైనా తీపి తినండి.

జీపీఎస్ ఉంటే కాపాడతారా?

"అమ్మ చేతికి జీపీఎస్ వాచీ ఉంది, ఎక్కడున్నా తెలుస్తుంది" అనే భరోసా చాలా ఇళ్ళలో ఉంది. ఇది పొరపాటు. జీపీఎస్ ఉపగ్రహాల మాట వినగలదే గాని, మీరెక్కడున్నారో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మొబైల్ సిగ్నల్ ఉండాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్, లదాఖ్‌లలో సాధారణంగా పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉన్నా లోయ మలుపు తిరిగితే సిగ్నల్ పోతుంది. ఉపగ్రహం ద్వారా నేరుగా సందేశం పంపే పరికరాలు విదేశాలలో దొరుకుతాయి గాని, టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాటిని వాడడం చట్టరీత్యా నేరం. అమెరికా నుంచి వచ్చే పిల్లలు బహుమతిగా తెచ్చే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

అయినా జీపీఎస్ వృథా కాదు. నడిచి వచ్చిన దారిని నమోదు చేసుకుంటే, పొగమంచులో అదే దారిన వెనక్కి రావచ్చు. దానితో పాటు దిక్సూచి కూడా ఉంటే మేలు. వాడే ముందు దాన్ని సరిదిద్దుకుని, ఫోనుకూ ఇనుప వస్తువులకూ దూరంగా, చెయ్యి సమతలంగా పెట్టి చూడాలి. మెడలో ఒక ఈల, ఇంట్లో ఒక కాగితం మీద రోజువారీ మజిలీల పేర్లు, ఈ రెండూ ఏ ఉపగ్రహానికీ తీసిపోని రక్షణ.

కొనేటప్పుడు చూడవలసినవి

కంపెనీ పేర్లు చెప్పడం నా పని కాదు. చూడవలసిన గుణాలు మాత్రం చెబుతాను.

అంకెలు పెద్దవిగా, లేత నేపథ్యం మీద నల్లగా కనిపించాలి. నలభై దాటినవారు కళ్ళజోడు లేకుండా, ఎండలో నిలబడి చదివి చూసుకోవాలి. నల్లని తెర మీద మసక అంకెలున్న వాచీ అద్దాల పెట్టెలో అందంగా ఉంటుంది, కొండ మీద కనిపించదు.

నొక్కే బొత్తాలు ఉండాలి. చేతికి తొడుగు వేసుకున్నప్పుడూ, వాన చినుకులు పడుతున్నప్పుడూ తాకే తెర మొరాయిస్తుంది.

రోజూ చార్జింగ్ కోరే వాచీ యాత్రకు పనికిరాదు. చలికి బ్యాటరీ ఇంకా త్వరగా దిగజారుతుంది. సంవత్సరాల పాటు నడిచే బిళ్ళ బ్యాటరీ గాని, ఎండతో చార్జి అయ్యేది గాని మేలు. జీపీఎస్ వాచీ అయితే, జీపీఎస్ పనిచేస్తూండగా ఎన్ని గంటలు నిలుస్తుందో అడగండి.

నీటిని తట్టుకునే శక్తి 100 మీటర్లని రాసి ఉండడం మంచిది. అంటే వంద మీటర్ల లోతుకు దూకవచ్చని కాదు. అది కదలని నీటి ఒత్తిడిలో చేసిన పరీక్ష. వేడినీళ్ళూ సబ్బూ లోపలి రబ్బరు చుట్టును పాడుచేస్తాయి గనుక స్నానానికి తీసివేయండి.

పట్టీకి దగ్గర దగ్గరగా రంధ్రాలు ఉండాలి. చాలాసేపు నడిస్తే చేతులు కాస్త ఉబ్బడం, ఎత్తున ముఖమూ చేతులూ వాయడం మామూలే. చెమట నిలిచి దద్దురు రాకుండా రాత్రికి వదులు చేసుకోవాలి.

ఉష్ణోగ్రత చూపే వాచీ చేతికి ఉన్నంతసేపూ ఒంటి వేడిని కలిపి చూపిస్తుంది. సరైన అంకె కావాలంటే విప్పి పావుగంట పక్కన పెట్టాలి.

చివరగా నా సలహా ఇది. బారోమీటర్, ఎత్తుమాపకం, దిక్సూచి, అలారం ఉన్న సాదా డిజిటల్ వాచీ ఒకటి కొనండి. దానికీ, సకల ఆరోగ్య హంగులున్న వాచీకీ మధ్య మిగిలే డబ్బుతో లేహ్‌లోనో గుప్తకాశీలోనో ఒక రోజు ఎక్కువ ఉండండి. ఆ రోజు శరీరానికి చేసే మేలు ఏ సెన్సరూ చేయలేదు. బయలుదేరక ముందే పదిహేను రోజుల పాటు వాచీని కట్టుకుని, బొత్తాలు చీకట్లో కూడా నొక్కగలిగేంతగా అలవాటు చేసుకోండి.

జేబులో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, ప్రతి రాత్రీ పడుకునే ముందు మూడు విషయాలు రాయండి. ఎంత ఎత్తులో పడుకుంటున్నాం? నిన్నటికీ నేటికీ తేడా 500 మీటర్లు దాటిందా? తలనొప్పి ఉందా, లేదా? మొదటి రెండింటికి వాచీ జవాబు చెబుతుంది. మూడవదానికి మీరే చెప్పాలి, నిజం చెప్పాలి. తోటి యాత్రికులు ఏమనుకుంటారోనని తలనొప్పిని దాచుకునేవారిని ఏ వాచీ కాపాడలేదు. దేవుడు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటాడు, ఈసారికి కిందికి దిగి రండి.